టార్చి సెల్లుల మీద వచ్చిన ఆట

అంకారావు ఫోన్ వచ్చేసరికి సురేంద్రబాబు చెక్క గరిటెలకు ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. ఉదయగిరి బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు. ఒకరు చెక్క కోస్తారు, ఒకరు చెక్కుతారు, ఆఖరున నునుపు చెయ్యడం ఇతని పని. పెళ్లికి ముందు నుంచీ అదే. బొటనవేళ్ల కింద కాగితం పెట్టి రుద్దీ రుద్దీ ఆ వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ కొట్లో మిషన్ మీద వేలు పెడితే అది ఈయన ఎవరో తెలియదంటుంది. ప్రతి నెలా అదొక తంతు.

"ఒరేయ్ సూరీ, నేనురా అంకారావుని."

సురేంద్రబాబు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. అంకారావు చిన్ననాటి జతగాడే గానీ ఇప్పుడు ఆత్మకూరులో పెద్దమనిషి. పోలీసు ఉద్యోగాలకీ, గ్రూపు పరీక్షలకీ పిల్లల్ని తయారుచేసే అకాడమీ నడుపుతున్నాడు. యూట్యూబులో మాట్లాడతాడు. ఆయన ఫోన్ చేసి ఎన్ని ఏళ్లయిందో.

"ఆ వీడియో గేమ్ డబ్బా ఇంకా నీ దగ్గర్నే ఉండాదా?"

"ఉండాది. యాడికి పోతాది?"

"పని చేస్తా ఉండాదా?"

"ఎందుకు చెయ్యదురా? మొన్న క్రిస్మస్సుకి కూడా పెట్టి చూసినా."

"అయితే తీసుకోని రా. ఆదివారం మా అకాడమీ పదేళ్ల ఫంక్షను. ఆ పొద్దు బస్సులో గేము తెచ్చినాం చూడు, ఆ సంగతి స్టేజీ మీద చెప్పాల. నువ్వూ ఉండాల, డబ్బా ఉండాల. రాకపోతే ఊరుకోను."

ఫోన్ పెట్టేశాక సురేంద్రబాబు మళ్లీ కూర్చున్నాడు గానీ గరిటె చేతికి రాలేదు. అయ్యవారు పేరు పెట్టి పిలిచిన పిల్లవాడిలా ఊరికే నవ్వు వస్తోంది. పక్కనే కూర్చుని గరిటెల్ని జతలు జతలుగా కవర్లలో పెడుతున్న భార్య అనురాధ ఓరగా చూసింది.

"ఏందంట మీ కలెక్టరు గారికి?"

"ఆ డబ్బా తెమ్మన్నాడు. స్టేజీ మీద చెప్తాడంట."

"ఏం చెప్తాడంట?"

"ఇంకేం చెప్తాడు మే, నేను ఆడింది."

"అబ్బో!" అంది అనురాధ. "పెళ్లైన కాడ్నించి వింటా ఉండా ఆ కథ. పాస్టరయ్య ప్రసంగం కన్నా జాస్తి సార్లు విన్నా. ఆయన చెప్పేదానికైనా సాక్షులుండారు. నీకెవురుండారు?"

"అంకారావు ఉండాడు."

"సరే, ఆ మనిషి నోటితో అననీ. అప్పుడు నమ్ముతా. నమ్మడమేంది, చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్తా."

నవ్వులాటకే అంది. కానీ ఆ మాట సురేంద్రబాబుకు లోపల దిగబడింది. ఎందుకంటే అతనికి చెప్పుకోదగ్గ సంగతి బతుకు మొత్తానికీ అదొక్కటే. ఐటీఐ సగంలో మానేశాడు. నాయన ఆదెయ్య మంచం పడితే షెడ్డులో కూర్చున్నాడు, కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఊళ్లో సురేంద్రబాబును ఎవరూ చెడ్డవాడనరు, అలాగని ఏమీ అనరు కూడా. పలానా రోజున సూరి పలానా పని చేశాడు అని ఒక్క మనిషి పదిమందిలో అంటే చాలు. అది అనగలిగినవాడు అంకారావు ఒక్కడే.

ఆ పని ఏమిటంటే ఇది.

అప్పట్లో ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా జనార్దనయ్య అని ఒకాయన వీడియో గేముల షాపు పెట్టాడు. ముందు సోడాలు, వెనక గాలి ఆడని చీకటి గది. ఆ గదిలో ఒక టీవీ, దాని ముందు నల్లటి డబ్బా. మీద బంగారు రంగులో స్టార్ కింగ్ అని అక్షరాలు. ఏ దేశం డబ్బాకో మనవాళ్లు చేసిన నకలు అది. క్యాసెట్ దూర్చడం, పని చెయ్యకపోతే తీసి ఉఫ్ మని ఊదడం, మళ్లీ దూర్చడం. ఆ ఊదుడుకు ఎందుకు పనిచేసేదో దేవుడికే తెలియాలి. తర్వాత కంపెనీ మూతపడింది, క్యాసెట్లు రావడం మానేశాయి. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. కానీ ఆ ఏళ్లలో ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు నుంచి ఆత్మకూరుకు చదువుకోడానికి వచ్చిన మగపిల్లల్లో సగంమంది చదువు ఆ గదిలోనే సాగింది.

అందులో ఒంటి సిపాయి ఆట అని ఒకటి. సిపాయి తుపాకి పట్టుకుని అడివిలో పడి పోతుంటాడు. గుంతలు దూకాలి, వంతెన దాటాలి, రైలెక్కాలి. ఆఖరి స్టేజీలో కొండ మీద కోట ఉంటుందని క్యాసెట్ అట్ట మీద బొమ్మ. ఆ బొమ్మ చూసి ఉదయగిరి పిల్లలు "ఒరేయ్, ఇది మన కొండేరా" అనేవాళ్లు. బొమ్మలో తప్ప ఆ కోటను చూసినవాడు షాపులో ఒక్కడూ లేడు. పైగా ఆ డబ్బాకు జ్ఞాపకం లేదు. స్విచ్చి ఆపినా, కరెంటు పోయినా సిపాయి మళ్లీ మొదటి గుంత దగ్గరే నిలబడతాడు.

ఆ సంవత్సరం అంకారావు ఇంటర్, సురేంద్ర ఐటీఐలో కరెంటు పని. ఇద్దరికీ ఆ కోట పిచ్చి. ఇంతలో అంకారావు ఉదయగిరి కొండ మీదున్న నిజం కోట ఎక్కబోయి రాయి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టుతో ఉదయగిరిలో మంచం మీద పడ్డాడు. చూడటానికి వెళ్లిన సురేంద్ర చెయ్యి పట్టుకుని ఒకటే మాట: "రేయ్, నేను లేకుండా కోట చూడబాకరా."

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం సురేంద్రకు చెయ్యి కుదిరింది. గుంతలు, వంతెన, రైలు అన్నీ దాటిపోయాయి. గది నిండిపోయింది, సోడాలు తాగేవాళ్లు కూడా లోపలికి తోసుకొచ్చారు. తెర నల్లబడి, మళ్లీ వెలిగి, కొండ కనబడింది. కొండ మీద కోట తలుపు.

సురేంద్ర పాజ్ నొక్కాడు.

"ఏందిరా? ఆడరా!" అని వెనక నుంచి ఎవడో వీపు మీద గుద్దాడు. ఇంకొకడు బూతు తిట్టాడు. కరెంటు తీసేసే వేళయిందని జనార్దనయ్య గోల. సురేంద్ర ఎవరి మాటా వినలేదు. "దీన్ని ఉదయగిరికి తీసుకపోతా, రేపే తెచ్చిస్తా" అని జనార్దనయ్యను బతిమాలి ఒప్పించాడు. ఐటీఐలో నేర్చుకున్నది అప్పుడు మొదటిసారి పనికొచ్చింది. ఆరు టార్చి సెల్లులు కాగితంలో బారుగా చుట్టి, రెండు కొసలకూ వైర్లు పెట్టి, అడాప్టరు గుచ్చి ఉండగానే దానికి జోడీగా కలిపాడు. తర్వాత అడాప్టరు పీకాడు. ఎర్రలైటు ఒకసారి రెప్పకొట్టి నిలబడింది. టీవీ వైరు ఊడదీశాడు. డబ్బా లోపల సిపాయి అలాగే కోట తలుపు ముందు నిలబడి ఉన్నాడని ఆ లైటొక్కటే గుర్తు.

డబ్బా ఒళ్లో, సెల్లుల కట్ట చంకలో. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరిపడినప్పుడల్లా ఇతని ప్రాణం ఎగిరిపడేది. ఊరి దాకా ఎర్రలైటు మీద నుంచి చూపు తియ్యలేదు. ఉదయగిరి చేరి, అంకారావు ఇంట్లో చిన్న టీవీకి వైరు తగిలించాడు. కోట తలుపు అలాగే ఉంది. అంకారావు మంచం మీదే ఏడ్చేశాడు. సురేంద్ర ఆట ఆడే రిమోట్ అతని చేతిలో పెట్టాడు.

"నువ్వాడు" అన్నాడు.

అంకారావు ఆడాడు, గెలిచాడు. తెర మీద టపాకాయలు పేలాయి. సురేంద్ర మంచం పట్టె మీద కూర్చుని చూశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా కోట దాకా మళ్లీ పోలేకపోయాడు. ఇంటర్నెట్ కాలం వచ్చి జనార్దనయ్య గేములు ఎత్తేసి నెట్ సెంటరు పెడుతూ ఉంటే, దానికి వైరింగ్ అంతా చేసిపెట్టి బదులుగా ఆ డబ్బా తెచ్చుకున్నాడు. ఫేస్‌బుక్‌లో పాత గేముల గుంపు ఒకటుంది. దానిలో డబ్బా ఫొటో పెట్టి ఈ కథ రాస్తే మూడు దండాలు, ఒక నవ్వుబొమ్మ వచ్చాయి. ఆ నవ్వుబొమ్మ ఎందుకు పెట్టాడో అడుగుదామని ఆ కుర్రవాడికి మెసేజ్ కూడా పెట్టాడు. జవాబు రాలేదు.

ఆదివారం పొద్దున్నే తెల్లచొక్కా వేసుకున్నాడు.

"చర్చి మానేసి గేముకి పోతా ఉండావు. దేవుడు చూస్తా ఉంటాడు" అంది అనురాధ, డబ్బాకు తువ్వాలు చుట్టిస్తూ.

"దేవుడు చూస్తే మంచిదే గదా, ఇంకో సాక్షి."

"ఫోన్లో లైవు వస్తాదంట కదా. చర్చి అయిపోంగానే నేనూ చూస్తా. తల దువ్వుకో, వెనక లేచింది."

బస్సులో అతని ఒళ్లో మూటను చూసి కండక్టరు, "ఏంది పెద్దాయనా, జాగర్తగా పట్టుకోనుండావు, గుడ్లా?" అన్నాడు.

"వీడియో గేము."

"మనవడికా?"

"నాకే."

కండక్టరు టికెట్ చింపుతూ నవ్వాడు. సురేంద్రబాబు కూడా నవ్వాడు. ఆ రోజు అతనికి ఎవరి మీదా కోపం రాలేదు.

ఆత్మకూరులో ఫంక్షన్ హాలు ముందు ఆడపిల్లలు, మగపిల్లలు గుంపులు గుంపులుగా ఉన్నారు. అందరివీ ఒకే రంగు టీషర్టులు. గుండెల మీద రెండు నిలువు గీతలు.

"ఇదేంది పాపా, ఈ గీతలు?" అని ఒక పిల్లను అడిగాడు.

"పాజ్ గుర్తు అంకుల్. మా అకాడమీ గుర్తు అదే. పరీక్ష పోయినా పాజే, ఆట అయిపోలేదు అని. సార్ కథ తెలీదా మీకు?"

"తెలుసమ్మా" అన్నాడు సురేంద్రబాబు. ఆ రోజు వీపు మీద గుద్దు తిని తను నొక్కిన బటను ఇన్ని వందలమంది గుండెల మీద ఉంది! అనురాధ ఉంటే చూపించేవాడు. ఫోన్ తీసి ఆ పిల్ల టీషర్టును ఫొటో తీద్దామనుకుని, ఆడపిల్ల గదా బాగుండదని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇతన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కన జనార్దనయ్య. ముసలాయన చెవులకు మిషన్, చేతిలో కర్ర. స్టేజీ మీద పెద్ద టీవీ, దాని ముందు బల్ల మీద నల్లటి డబ్బా. సురేంద్రబాబే వైర్లు తగిలించి వచ్చాడు. ఎర్రలైటు వెలుగుతోంది.

అంకారావు సూటులో వచ్చి మైకు పట్టుకున్నాడు. ఎంత బాగా మాట్లాడతాడని! పేదరికం, గొర్రెలు, కొండ, విరిగిన కాలు... సురేంద్రబాబు కూడా అందరిలాగే ముందుకు వంగి వింటున్నాడు.

"కాలికి పిండికట్టు. అయినా నేను ఆట వదల్లేదు. ఆ కట్టుతోనే ఆత్మకూరు వచ్చాను. ఆడుతున్నాను. ఎవరూ చూడని ఆఖరి స్టేజీ వచ్చింది. కోట కనబడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయే టైము! అందరూ అయిపోయింది అన్నారు. నేనేం చేశాను?"

"పాజ్!" అని హాలు మొత్తం అరిచింది.

"పాజ్ చేశాను. డబ్బా నా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. నా పక్కన మా ఊరి స్నేహితుడు, సూరి అని, పాపం దారంతా బ్యాటరీ సెల్లులు పట్టుకుని కూర్చున్నాడు. ఆ సెల్లులు పట్టుకున్న చేతులు ఈ రోజు మన మధ్య ఉన్నాయి. సూరీ, రా పైకి!"

చప్పట్లు. ఎవరో రెక్క పట్టుకుని లేపారు. సురేంద్రబాబు మెట్లెక్కాడు. పైన దీపాల వెలుగుకు కళ్లు చెదిరాయి. అంకారావు కావలించుకున్నాడు, సెంటు వాసన వచ్చింది. శాలువా కప్పారు. మైకు చేతిలో పెట్టారు.

హాలు చివర ట్రైపాడ్ మీద ఫోన్ కనబడుతోంది. దాని అవతల అనురాధ ఉంటుంది.

"అందరికీ వందనాలు" అన్నాడు. "ఆ పొద్దు ఆడింది నేను. పాజ్ నొక్కింది నేను. అంకారావు... సారు ఉదయగిరిలో మంచం మీద ఉన్నాడు. ఒంటిగానే తీసుకపోయినా. ఆయన బస్సులో లేడు."

హాలులో చిన్న కదలిక. అంకారావు ముఖంలో ఒక్క క్షణం ఏదో దాటిపోయింది. కోపం కాదు, దిగులూ కాదు. దారిలో ఎదురైన మనిషిని పోల్చుకోలేనప్పుడు ఉండే చూపు. వెంటనే పకపకా నవ్వాడు.

"చూసినారా మా ఊరోళ్ల ఎకసెక్కం! స్టేజీ మీద కూడా వదలడు. సరేరా, నువ్వే ఆడినావు! డబ్బా ఈడనే ఉండాది. ఒకసారి ఆడి చూపించు మా పిల్లలకి!"

"సూరి అంకుల్! సూరి అంకుల్!" అని పిల్లలు మొదలుపెట్టారు.

సురేంద్రబాబు రిమోట్ తీసుకున్నాడు. ఒద్దనడానికి లేదు. అనాలని అనిపించనూ లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏముంది? మొదటి గుంత, అతను కళ్లు మూసుకుని దూకిన గుంత. క్రిస్మస్సుకు డబ్బా వెలిగించి చూశాడేగానీ ఆడలేదు, ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

సిపాయి పరుగెత్తాడు. గుంత వచ్చింది. బొటనవేలు బటను మీదే ఉంది, నొక్కాడు కూడా. కానీ నొక్కినట్టు వేలికి తెలియలేదు. నొక్కానా లేదా అని వేలు అనుకునేలోపు సిపాయి గుంతలో పడ్డాడు. హాలు "అయ్యో" అంది. రెండోసారి ముందే నొక్కాడు, గుంత అంచుకు తగిలి పడ్డాడు. మూడోసారి వేలు తడబడి, సిపాయి వెనక్కి తిరిగి, ఎదురుగా వచ్చిన గుండుకు పోయాడు. ఆట అయిపోయిందని తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

పిల్లలు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. పెళ్లిలో ముసలాయన డాన్సు కట్టబోయి తూలితే నవ్వే నవ్వు. అంతకన్నా చెడ్డది ఏముంటుంది?

"మా ఇద్దరికీ వయసైపోయింది లెండి" అన్నాడు అంకారావు, ఇతని భుజం మీద చెయ్యేసి. రిమోట్ మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టాడు. తను ఆడలేదు. ఆడమని ఎవరూ అడగలేదు కూడా.

భోజనాల దగ్గర సురేంద్రబాబు జనార్దనయ్య పక్కన కూర్చున్నాడు. ఆకులో ఏం వడ్డించారో చూడలేదు.

"అయ్యా, మీ షాపులోనే గదా ఆ పొద్దు నేను ఆడింది. మీరు చూసినారు గదా."

ముసలాయన చెవి మిషన్ సర్దుకున్నాడు. "ఎందుకు చూడ్లా? సెల్లులిచ్చింది ఎవురనుకుంటా ఉండావు? నేనే! కొత్త సెల్లులు, అమ్మకానికి పెట్టినవి. కరెంటాఫీసుకి మనిషిని పంపి కరెంటు తియ్యకుండా కాసేపు ఆపించింది కూడా నేనే. ఆ మాట చెప్పినాడా అంకారావు? చెప్పలా. ఎవుడికుంటాదయ్యా విశ్వాసం?"

"అది కాదయ్యా, ఆడింది ఎవురు?"

"ఎవురో మీ పిల్లకాయల్లో ఒకడు. గది నిండా మీరే గదా. సెల్లులు మాత్రం నావి." పెరుగు వడ్డించే మనిషిని పిలిచి, ఆయనకు కూడా ఆ సెల్లుల సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అంకారావు ఆఫీసు గదిలోకి రమ్మని కబురు. గదిలో గోడవారగా అద్దాల పెట్టె, లోపల నీలం వెల్వెట్ గుడ్డ, చిన్న దీపం. కింద ఇత్తడి పలక మీద అప్పుడే చెక్కించిన అక్షరాలు: అంకారావు గారు విజయం సాధించిన యంత్రం.

"ఎట్టుండాది? నెల్లూరులో చేయించినా" అన్నాడు అంకారావు. "డబ్బా ఈడనే ఉంటే నలుగురూ చూస్తారు. నీ ఇంట్లో పెట్టి ఏం చేస్తావు?"

సురేంద్రబాబు తలుపు వేశాడు. "అంకా, ఇప్పుడు ఎవురూ లేరు. నువ్వు ఆ బస్సులో ఉన్నావా?"

"ఉన్నాను గదరా."

"పిండికట్టు తొడ దాకా. మీ అమ్మ నిన్ను వాకిట్లోకి పోవాలన్నా పట్టుకోని తీసుకపోయేది. బస్సెట్ట ఎక్కినావురా?"

అంకారావు కుర్చీలో కూర్చున్నాడు. పేపర్ వెయిట్‌ను అటూ ఇటూ తిప్పాడు. "నాకు ఆ బస్సు గుర్తుండాదిరా సూరీ. గుంతలు గుర్తుండాయి. ఎర్రలైటు గుర్తుండాది. రెప్పకొట్టినప్పుడల్లా గుండె ఆగిపోయేది."

"అవన్నీ నేను చెప్పినవి! మంచం మీద కూర్చోని నీకు చెప్పినా గదరా! నువ్వు మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అంటే పది సార్లు చెప్పినా!"

"ఏమోరా." అంకారావు తల పైకెత్తాడు. అబద్ధం ఆడేవాడి కళ్లు కావవి. "పాజ్ పెట్టించింది నేనే గదా? నేను లేకుండా చూడొద్దని చెప్పింది నేనే గదా? గెలిచింది నేనే గదా? ఇందులో నాది కాంది నేనేం తీసుకున్నారా? నీ పేరు కూడా చెప్పినా, శాలువా కప్పినా. ఇంకేం గావాల నీకు?"

ఏం కావాలో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ఆ కథ ఇప్పుడు ఈ గదిలో కూడా చెల్లదు.

"డబ్బా ఇయ్యను" అన్నాడు సురేంద్రబాబు.

"ఏందిరా చిన్నపిల్లోడి మాదిరి? సరే, పలక మారుస్తా. నీ పేరు కూడా వేయిస్తా. 'దాత: సురేంద్రబాబు, ఉదయగిరి' అని. సరేనా?"

"దాతనా?"

"మరేం రాయమంటావు?"

సురేంద్రబాబు స్టేజీ మీదికి పోయి వైర్లు ఊడదీశాడు. డబ్బాకు తువ్వాలు చుట్టాడు. అకాడమీలో పనిచేసే మనిషి అడ్డం వచ్చి, "సార్‌ని అడిగినారా?" అన్నాడు. వెనక నుంచి అంకారావు గొంతు వినబడింది, "పోనీలే, తీసుకపోనీ. పాత డబ్బా గదా, ఇంకోటి తెప్పిద్దాం. ఆన్‌లైన్లో అట్టాంటివే దొరకతాయంట." కోపంగా అనలేదు. అప్పటికే వేరే ఎవరితోనో ఫొటోకు నిలబడుతున్నాడు.

బస్టాండులో ఉదయగిరి బస్సు నిండుతూ ఉంది. కిటికీ పక్కన కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. శాలువా ఇంకా భుజాల మీదే ఉందని అప్పుడు చూసుకున్నాడు, తీసి మడిచి డబ్బా కింద పెట్టుకున్నాడు. ఫోన్ మోగింది. అనురాధ.

ఎత్తాలా వద్దా అనుకుంటూనే ఎత్తాడు. ఇప్పుడేం అంటుందో అతనికి తెలుసు. సాక్షి బాగా చెప్పినాడు గదా అంటుంది. మొదటి గుంత కూడా దాటలేకపోతివే అంటుంది. ఆమె అలా అనాలని కూడా అనుకున్నాడు, నవ్వుతూ అంటే బాగుండునని.

"అన్నం తిన్నావా?" అంది అనురాధ.

"తిన్నా."

"లైవు చూసినా. శాలువా బాగుండాది. వచ్చేటప్పుడు ఎండలో నిలబడబాక."

ఫోన్ పెట్టేసింది. పెళ్లైన నాటి నుంచి ఆమె ఈ కథ మీద ఎగతాళి చెయ్యని రోజు లేదు. ఈ రోజు చెయ్యలేదు. అంటే ఇక ఎప్పుడూ చెయ్యదు. ఆ మాట ఇంట్లో ఇక లేవదు.

పక్క సీట్లోకి ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. గుండెల మీద రెండు నిలువు గీతలు. వరికుంటపాడు వైపు పిల్ల, కానిస్టేబులుకు చదువుతోందట. తువ్వాలు మూటనూ, ఈయన్నూ చూసి కళ్లు పెద్దవి చేసింది.

"అంకుల్, మీరే గదా! ఇందాక స్టేజీ మీద!"

"ఆఁ."

"సార్ మీ గురించి చెప్తా ఉంటే నాకు ఏడుపొచ్చింది అంకుల్. నేను రెండుసార్లు పరీక్ష పోయినా. మా నాయన మానేయమన్నాడు. ఆ బస్సు కథ విని మళ్లీ చేరినా."

సురేంద్రబాబు ఆమె వైపు తిరిగాడు. ఎండకు నల్లబడిన ముఖం, అరిగిన చెప్పులు. నమ్మడానికి సిద్ధంగా ఉన్న కళ్లు.

"అమ్మా, ఒక మాట చెప్తా వింటావా? ఆ పొద్దు గేము ఆడింది నేను. మీ సారు ఆ బస్సులో లేడు."

ఆ అమ్మాయి నవ్వింది. మంచి పిల్ల, పెద్దవాళ్ల మాట కొట్టెయ్యడం ఇష్టం లేని నవ్వు. చూపు మాత్రం ఒక్కసారి ఆయన బొటనవేళ్ల మీదికి పోయి వచ్చింది.

"ఇందాక మొదటి గుంతలోనే పోయింది గదా అంకుల్" అంది మెల్లగా. తర్వాత, ఆయన మనసు కష్టపడిందేమో అనుకుని, గబగబా అంది, "ఎవురు ఆడితే ఏముంది అంకుల్, మీరు లేకపోతే ఆట అక్కడే ఆగిపోయేది గదా. అంతసేపు సెల్లులు పట్టుకోనుండింది మీరేనా, నిజంగా?"

బస్సు కదిలింది. సురేంద్రబాబు కిటికీలోంచి చూశాడు. ఒకప్పుడు జనార్దనయ్య షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్ ఫోన్ల కొట్టు, దాని ముందు నిలబడి ఇద్దరు మగపిల్లలు తలలు వంచి తమ తమ ఫోన్లలో ఆడుకుంటున్నారు.

"నిజమేనమ్మా" అన్నాడు. "సెల్లులు పట్టుకోనుండింది నేనే."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "మా నాయనకి చూపిస్తా, ఒక సెల్ఫీ అంకుల్!" అని ఫోన్ తీసి చెయ్యి చాపింది. తెర మీద ఇద్దరూ పడ్డారు గానీ మూట సరిగా పడలేదు.

"అంకుల్, తువ్వాలు తియ్యండి. డబ్బా కొంచెం పైకి పట్టుకోండి."

సురేంద్రబాబు తువ్వాలు విప్పి, డబ్బాను రెండు చేతులతో పైకి పట్టుకున్నాడు.